అధికారి వెనక నిలబడ్డ కెమెరా

విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటర్ల దగ్గర, కస్టమ్స్ హాల్లో ఫోన్లు వాడొద్దనీ ఫొటోలు తీయొద్దనీ బోర్డులు ఉంటాయి. ఆ పక్కనే ఉండే లోపలి గదిలో ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. లోపలికి తీసుకెళ్లిన మనిషికి వెంటనే వకీలు దొరకడు, బంధువులకు కబురు వెళ్లదు. అక్కడ తనకున్న హక్కులేమిటో చాలామందికి తెలియదు. అలాంటి చోటికి 2004లో ఆస్ట్రేలియా ప్రభుత్వం టీవీ కెమెరాను రానిచ్చింది. సెవెన్ నెట్‌వర్క్‌లో 'బోర్డర్ సెక్యూరిటీ' అలా మొదలైంది. దాదాపు అదే కాలంలో న్యూజిలాండ్‌లో 'బోర్డర్ పెట్రోల్' వచ్చింది. 2008లో బ్రిటన్‌లో స్కై, 2009లో అమెరికాలో ఏబీసీ, 2012లో కెనడాలో నేషనల్ జియోగ్రాఫిక్ ఛానల్ ఇదే అచ్చులో కార్యక్రమాలు పోశాయి. తర్వాత కొలంబియా, పెరూ, బ్రెజిల్, స్పెయిన్ వంతు. ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ తరహా రియాలిటీ షోలు చూసినవాళ్లకు సరిహద్దు గురించి ఎంతో తెలిసినట్టు ఉంటుంది. నిజానికి వాళ్లకు తెలిసింది సరిహద్దు కాదు, అధికారి అనుమానం ఒక్కటే. ఆ అనుమానానికి ముడిసరుకైన మనుషులు కాదనగల స్థితిలో లేనివాళ్లు. ఈ రెండో సంగతే నాకు ముఖ్యం. మొదటిది టీవీ నాణ్యతకు సంబంధించిన విమర్శ. రెండోది ప్రభుత్వం తన చేతికి చిక్కిన మనిషితో ఎలా నడుచుకోవాలన్న ప్రశ్న.

ఈ కార్యక్రమం ముందుగా ఆస్ట్రేలియాలో పుట్టడానికి కారణాలున్నాయి. 2001 ఆగస్టులో సముద్రంలో మునిగిపోబోతున్న 433 మంది శరణార్థులను కాపాడిన 'టాంపా' అనే నార్వే నౌకను ఆ దేశం తన తీరానికి రానివ్వలేదు. అదే ఏడాది ఎన్నికల ముందు, పడవల్లో వస్తున్నవాళ్లు తమ పిల్లలను సముద్రంలోకి విసిరేశారని మంత్రులు ప్రకటించారు. అది నిజం కాదని తర్వాత సెనెట్ విచారణలో తేలింది. ఈలోగా ఎన్నికలు అయిపోయాయి, సరిహద్దు రాజకీయాలకు కేంద్రమైంది. మూడేళ్లు తిరగకుండానే ఆ సరిహద్దు వారం వారం ఇంటి హాల్లోకి వచ్చింది. ఒక దశలో ఒక్కో రాత్రి ఇరవై లక్షల మందికి పైగా చూశారు. అప్పటికి ఆ దేశ జనాభా రెండు కోట్లు మాత్రమే. ఛానల్‌కు ఇది చవక బేరం: నటులకు పారితోషికం లేదు, సెట్టింగులు లేవు, కథ రాసేవాళ్లు అక్కర్లేదు. ప్రభుత్వ శాఖలకు ఖర్చు లేని ప్రచారం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2005లో, రెండు ఘోరాలు బయటపడ్డాయి. మానసిక అస్వస్థతతో ఉన్న ఒక మహిళ, ఆస్ట్రేలియాలో శాశ్వత నివాస హక్కు ఉన్నామె, అక్రమంగా వచ్చినదన్న పొరపాటుతో పది నెలలు నిర్బంధంలో మగ్గింది. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన మరో మహిళను, ఆస్ట్రేలియా పౌరురాలినే, 2001లో ఆ దేశానికి పంపేశారు. మొదటి కేసు మీద వేసిన పామర్ విచారణ ఇమిగ్రేషన్ శాఖ పని సంస్కృతినే తప్పుపట్టింది. తప్పుడు నిర్బంధమని అనుమానించదగ్గ కేసులు మరో 247 అంబుడ్స్‌మన్ ముందుకు వెళ్లాయి. ఇవన్నీ 'బోర్డర్ సెక్యూరిటీ' తీస్తున్న కాలంలో బయటపడ్డవే, అదే శాఖవే. ఆ కార్యక్రమం ద్వారా మాత్రం వీటిలో ఒక్కటీ దేశానికి తెలియలేదు.

ఎందుకు తెలియలేదో ఒక ఎపిసోడ్ కట్టుబడిని దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. అరగంటలో మూడు నాలుగు కథలు ముక్కలు ముక్కలుగా అల్లుతారు. పెద్ద వయసు మనిషి ఒకరు ట్రాలీ తోసుకుంటూ వస్తారు. ఇంగ్లీషు సరిగా రాదు. అధికారి చేతికి తొడుగులు వేసుకుని సూట్‌కేస్ తెరుస్తాడు. బట్టల మడతలు విప్పి, పొట్లాలు విప్పి, అడుగున ఉన్న అట్టను చేత్తో తట్టి చూస్తాడు. కనిపించని వ్యాఖ్యాత గొంతు, ఈ ప్రయాణికుడి సమాధానాలు అధికారికి నమ్మకం కలిగించడం లేదని చెబుతుంది. పెట్టె అంచు మీద గుడ్డముక్కతో తుడిచి యంత్రంలో పెడతారు. యంత్రం మోగుతుంది. అక్కడ ప్రకటనల విరామం. తిరిగొచ్చాక ఏదైనా దొరికితే ఆ దృశ్యాన్ని నిమిషాల తరబడి చూపిస్తారు. దొరక్కపోతే రెండు మాటల్లో తేల్చేసి పక్క కథలోకి వెళ్తారు. ఆ మనిషి ఎందుకు తడబడ్డాడు, బయట ఎవరు ఎదురుచూస్తున్నారు, గంటసేపు ఆపినందుకు ఎవరైనా క్షమాపణ చెప్పారా అన్నవి రావు. ఇక్కడ అబద్ధం ఎవరూ చెప్పనక్కర్లేదు, ఏరివేత చాలు. రోజుల తరబడి తీసిన చిత్రంలో అనుమానం నిజమైన ఘట్టాలు పెద్దవిగా, వమ్మైన ఘట్టాలు చిన్నవిగా మిగులుతాయి. అసలు ఏ అనుమానమూ లేకుండా దాటిపోయిన వేలమంది ఎక్కడా ఉండరు. కెమెరా ఎప్పుడూ అధికారి భుజం వెనకే ఉంటుంది. ప్రయాణికుడి వైపు నుంచి ఆ బల్ల ఎలా ఉంటుందో ఈ కార్యక్రమాలు చూపించవు.

ఇలా చూసీ చూసీ ప్రేక్షకుడు ఒక పాఠం నేర్చుకుంటాడు: చెమటలు పట్టినవాడు, కళ్లు దించుకున్నవాడు, మాట మార్చినవాడు దొంగ. ఈ పాఠం తప్పని చెప్పడానికి గట్టి ఆధారాలున్నాయి. అబద్ధాన్ని మనిషి ఎంతవరకు పసిగట్టగలడన్న దానిపై వచ్చిన వందలాది ప్రయోగాలను 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో కలిపి లెక్కించారు. ఇరవై నాలుగు వేల మందికి పైగా ఇచ్చిన తీర్పుల్లో సరైనవి సగటున 54 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా 50 శాతం కుదురుతుంది. అమెరికా విమానాశ్రయాల్లో హావభావాలను బట్టి ప్రమాదకరులను గుర్తించే 'స్పాట్' అనే పథకం మీద 2007 నుంచి దాదాపు 90 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆ పద్ధతి పనిచేస్తుందనడానికి రుజువు లేదని, దానికి నిధులు తగ్గించాలని ఆ దేశ పార్లమెంటుకే జవాబుదారీ అయిన ఆడిట్ సంస్థ జీఏఓ 2013 నవంబరులో తేల్చింది. అంతకుముందు, 2000లో అదే సంస్థ కస్టమ్స్ సోదాల లెక్కలు తీసింది. శరీరాన్ని తడిమి చూసిన అమెరికన్ పౌరుల్లో, ఆ తర్వాత ఎక్స్‌రేకి కూడా పంపే అవకాశం తెల్లజాతి మహిళలతో పోలిస్తే నల్లజాతి మహిళలకు తొమ్మిది రెట్లు ఎక్కువ. వాళ్ల దగ్గర నిషిద్ధ సరుకు దొరికే అవకాశం మాత్రం తెల్లజాతి మహిళలతో పోలిస్తే సగం కన్నా తక్కువ. అంటే అనుమానం ఒక దిక్కు చూస్తోంది, నేరం మరో దిక్కున ఉంది. ఆ రోజుల్లో కస్టమ్స్ కమిషనర్‌గా ఉన్న రేమండ్ కెల్లీ పద్ధతి మార్చారు. అనుమానానికి కచ్చితమైన కారణం ఉండాలన్నారు, పైఅధికారి అనుమతి తప్పనిసరి చేశారు. సోదాలు బాగా తగ్గాయి, సరుకు దొరికిన సోదాల వాటా పెరిగింది. సోదాలు తగ్గించి నేర్పు పెంచిన ఈ కథ ఎంతో ఆసక్తికరమైనది. అనుమానం మీద బతికే కార్యక్రమానికి మాత్రం అది పనికిరాదు.

ఇంకో వక్రీకరణ కొలతకు సంబంధించినది. సరిహద్దు ముప్పు అంటే సూట్‌కేసు అని ఈ కార్యక్రమాలు నమ్మిస్తాయి, ఎందుకంటే సూట్‌కేసును కెమెరా ముందు విప్పవచ్చు. పెద్ద సరుకు అలా రాదు. 2007లో మెల్‌బోర్న్ రేవుకి ఇటలీ నుంచి వచ్చిన టమాటా డబ్బాల్లో 4.4 టన్నుల ఎక్స్‌టసీ మాత్రలు దొరికాయి. వాటి సంఖ్య కోటిన్నర. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ పట్టుబడింది. అఫ్గానిస్తాన్ టాల్క్ రాయి పేరుతో ఇరాన్ మీదుగా వచ్చిన ఆ రెండు కంటెయినర్లను దిగుమతి చేసుకున్న కంపెనీ విజయవాడ చిరునామాతో రిజిస్టరైనది. ఇలాంటివి పట్టుకునేది పత్రాలు చదివే గుమస్తా, వేగు సమాచారం పంచుకునే విభాగం. వాళ్ల పనిలో తెర మీద పండే దృశ్యం లేదు. మరో మార్గం ఇంకా బాధ కలిగించేది. 2012 డిసెంబరులో సిడ్నీ విమానాశ్రయంలో మాదకద్రవ్యాలను దాటించడానికి కస్టమ్స్ అధికారులే సాయపడ్డారని బయటపడి అరెస్టులు జరిగాయి. ఎన్నో ఎపిసోడ్లు తీసిన విమానాశ్రయమే అది. 2025 మార్చిలో బెంగళూరులో ఒక కన్నడ నటి దగ్గర 14.2 కిలోల బంగారం దొరికిందని రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్‌ఐ ప్రకటించినప్పుడు, ప్రముఖులకు ఇచ్చే ప్రొటోకాల్ మర్యాదను అడ్డం పెట్టుకుని తనిఖీ తప్పించుకునేవారన్న ఆరోపణ కూడా వచ్చింది. కేసు ఇంకా తేలవలసి ఉంది. కానీ ప్రొటోకాల్ దారి పొడవునా కెమెరా పెట్టి తీసిన రియాలిటీ షో ఏ దేశంలోనూ నా దృష్టికి రాలేదు.

ఇంతవరకు చెప్పింది వక్రీకరణ గురించి. వక్రీకరణ ఎక్కడైనా ఉంటుంది, ప్రేక్షకుడు జాగ్రత్తగా చూసుకోవాలి అని సరిపెట్టవచ్చు. సరిపెట్టలేని విషయం కెనడాలో తేటతెల్లమైంది. 'బోర్డర్ సెక్యూరిటీ: కెనడాస్ ఫ్రంట్ లైన్' 2012 సెప్టెంబరులో మొదలైంది. తీసింది వాంకూవర్‌కు చెందిన ఫోర్స్ ఫోర్ అనే సంస్థ, సహకరించింది ఆ దేశ సరిహద్దు సేవల సంస్థ. విమానాశ్రయం, రోడ్డు సరిహద్దు చౌకీలతో ఆగకుండా 2013 మార్చిలో కెమెరా బృందం అధికారుల వెంట వాంకూవర్‌లో ఒక భవన నిర్మాణ స్థలానికి వెళ్లింది. అనుమతి లేకుండా పనిచేస్తున్న వలస కార్మికులను పట్టుకోవడానికి జరిగిన దాడి అది. పట్టుబడ్డవాళ్లు బేడీల్లోనో, బెదురులోనో ఉండగా కెమెరా తిరిగింది. తర్వాత అంగీకారపత్రం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. వాళ్లలో ఒక మెక్సికో కార్మికుడి తరఫున బ్రిటిష్ కొలంబియా పౌరహక్కుల సంఘం దేశ ప్రైవసీ కమిషనర్‌కు ఫిర్యాదు చేసింది. మూడేళ్ల విచారణ తర్వాత 2016 జూన్‌లో కమిషనర్ డానియెల్ తెరియాన్ కార్యాలయం తీర్పు చెప్పింది: సరిహద్దు సంస్థ ప్రైవసీ చట్టాన్ని ఉల్లంఘించింది. అధికారుల నిర్బంధంలో, భయంలో ఉన్న మనిషి నిజంగా స్వచ్ఛందంగా ఒప్పుకున్నాడని అనుకోవడానికి లేదు. కెమెరా ప్రైవేటు కంపెనీది కదా అని ప్రభుత్వ సంస్థ తన బాధ్యతను దులిపేసుకోవడానికీ లేదు. కార్యక్రమానికి సహకారం ఆపాలన్న కమిషనర్ సిఫారసును సరిహద్దు సంస్థ ఒప్పుకుంది, ఆపేసింది. మూడు సీజన్లతో కొత్త చిత్రీకరణ ముగిసింది.

ఈ తీర్పు ఒక్క దేశపు ఒక్క చట్టానికి సంబంధించినది కాదని నా వాదన. అంగీకారానికి అర్థం ఉండాలంటే, కాదంటే ఏమీ జరగదన్న భరోసా ముందు ఉండాలి. విమానం దిగి పదిహేను గంటల ప్రయాణపు అలసటతో, పాస్‌పోర్టు అధికారి చేతిలో ఉండగా, తనను లోపలికి రానిస్తారో వెనక్కి పంపుతారో తెలియని మనిషి ముందు కెమెరా పెట్టి, పత్రం చాపితే, ఆ భరోసా ఎక్కడుంది? పత్రం తెచ్చినవాళ్లు టీవీవాళ్లే కావచ్చు, అధికారులు ఒక్క మాట కూడా ఒత్తిడి చేసి ఉండకపోవచ్చు. కానీ ఆ మనిషికి యూనిఫాం ఏదో కెమెరా ఏదో విడివిడిగా కనిపించవు, రెండూ కలిసే వచ్చాయి. సంతకం పెట్టకపోతే అధికారికి కోపం వస్తుందేమోనన్న భయం చాలు. అధికారికి కోపం రాకపోయినా ఆ భయం నిజమైనదే. ఒక రోగిని కత్తి కింద పడుకోబెట్టి, ఈ ఆపరేషన్‌ను టీవీలో చూపిస్తాం, సరేనా అని అడిగే డాక్టరును మనం ఒప్పుకోం. రోగి ఆరోగ్యం డాక్టరు చేతిలో ఉన్నట్టే ప్రయాణికుడి భవిష్యత్తు అధికారి చేతిలో ఉంది, పైగా రోగి మరో డాక్టరు దగ్గరికి వెళ్లగలడు.

మొహాలు మసకబారుస్తున్నాం కదా అని తీసేవాళ్లు అంటారు. నిజమే, సంతకం పెట్టనివాళ్ల మొహాలను చాలా చోట్ల మసక చేస్తారు. కానీ ఒక ఊరివాళ్లకో, ఒక సంఘానికో మనిషిని గుర్తించడానికి మొహమే అక్కర్లేదు. గొంతు, నడక, చీర కట్టు, వచ్చిన విమానం, చెప్పిన కథ చాలు. కెనడా ఫిర్యాదులోనూ ఈ చర్చ వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, మసక చేసేది ప్రసారానికి ముందు. చిత్రీకరణ అప్పటికే జరిగిపోయింది. తన జీవితంలోని అతి దుర్బలమైన గంటలో, సోదాకు సంబంధం లేని నలుగురు ప్రైవేటు ఉద్యోగులు దీపాలు వేసి నిలబడి ఉన్నారని ఆ మనిషికి తెలుసు. ఏ మసకా దాన్ని తీసేయదు.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ గది అసలే చీకటి గది, కెమెరా లోపలికి వెళ్తే కొంతైనా వెలుతురు పడుతుంది, అధికారులు కెమెరా ముందు మర్యాదగానైనా ఉంటారు, పారదర్శకత కావాలనేవాళ్లే కెమెరాను వద్దనడం ఏమిటి అని. పారదర్శకత విలువను నేను కాదనను. కానీ ఏది చూపాలో చూపబడేవాడే నిర్ణయించే చోట అది పారదర్శకత కాదు. వాంకూవర్ విమానాశ్రయమే ఇందుకు సాక్ష్యం. 2007 అక్టోబరులో పోలెండ్ నుంచి తల్లి దగ్గరికి వలస వచ్చిన రాబర్ట్ జెకాన్‌స్కీ అనే నలభై ఏళ్ల మనిషి, పోలిష్ తప్ప మరో భాష రాక, ఆ విమానాశ్రయంలోనే దాదాపు పది గంటలు దారీ తెన్నూ తెలియకుండా గడిపాడు. తల్లి బయట ఎదురుచూసి, కొడుకు రాలేదన్న జవాబు విని ఇంటిదారి పట్టింది. ఆందోళనతో కుర్చీలు, వస్తువులు విసురుతున్న అతన్ని పోలీసులు వచ్చిన కొద్ది క్షణాల్లోనే టేజర్‌తో పలుమార్లు కొట్టారు. అతను అక్కడే చనిపోయాడు. పోలీసులు మొదట చెప్పిన కథ వేరు. నిజం తెలిసింది ఒక తోటి ప్రయాణికుడు తీసిన వీడియో వల్ల. ఆ వీడియోను పోలీసులు తీసుకుంటే, కోర్టుకెళ్తానని పోరాడి తిరిగి తెచ్చుకున్నాడతను. టేజర్ వాడకానికి సమర్థన లేదని బ్రెయిడ్‌వుడ్ విచారణ తేల్చింది, విచారణలో అబద్ధం చెప్పినందుకు ఇద్దరు పోలీసులకు శిక్ష కూడా పడింది.

ఐదేళ్ల తర్వాత అదే నగరంలో ప్రభుత్వం పిలిచి తెచ్చుకున్న కెమెరాలు తిరగడం మొదలైంది. అవి తిరుగుతున్న కాలంలోనే, 2013 డిసెంబరులో, వాంకూవర్ విమానాశ్రయంలోని సరిహద్దు సంస్థ నిర్బంధ గదుల్లో ఒక మెక్సికో మహిళ ఉరి వేసుకుంది. కొద్ది రోజులకు ఆసుపత్రిలో చనిపోయింది. దేశంలో ఆమెకు నిలిచే హక్కు లేదని, వెనక్కి పంపడానికి ఉంచారు. ఆ మరణం సంగతి ప్రజలకు తెలియడానికి నెల రోజులు పట్టింది, అదీ సరిహద్దు సంస్థ తనంతట తానుగా చెప్పింది కాదు. మరుసటి ఏడాది జరిగిన న్యాయవిచారణలో జ్యూరీ, ఈ సంస్థపై నిఘా పెట్టే స్వతంత్ర వ్యవస్థ ఉండాలని కోరింది. సరిహద్దు అధికారుల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర కమిషన్‌కు చట్టం కావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. టీవీ కెమెరాకు 2012లోనే తలుపు తీసిన సంస్థ మీద, ఫిర్యాదు వినే స్వతంత్ర యంత్రాంగానికి చట్టం రావడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. ఈ రెండు తేదీలు చాలు, ఇక్కడ కావలసినది ఏ వెలుతురో చెప్పడానికి.

ఇక ఈ కార్యక్రమాలు జనానికి నియమాలు నేర్పుతాయన్న వాదన. ఇందులో నిజం ఉంది, మన తెలుగు కుటుంబాలకు బాగా తగిలే నిజం. మెల్‌బోర్న్‌కో సిడ్నీకో కొడుకు దగ్గరికి బయల్దేరే తల్లి సూట్‌కేసులో గోంగూర సీసా, కందిపొడి, పాలకోవా, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు, దేవుడి గదికని రెండు మూరల మల్లెపూలు ఉండటం అరుదేమీ కాదు. ఆస్ట్రేలియా గాలికుంటు వ్యాధి లేని దేశం. ఆ వ్యాధి పాల పదార్థాల ద్వారా వస్తే పశుసంపద మొత్తానికే ముప్పు. ఖాప్రా పురుగు భయంతో బియ్యం, శనగలు, ధనియాలు, ఎండుమిర్చి లాంటివి ప్రయాణికుల సామానులో రాకుండా నిషేధించారు. 2019లో నిబంధన కఠినం చేశాక, పచ్చి పంది మాంసం, గుడ్ల వంటివి చెప్పకుండా తెచ్చిన ఒక వియత్నాం మహిళ వీసా రద్దు చేసి వెనక్కి పంపారు. 2025 సెప్టెంబరులో మలయాళ నటి నవ్యా నాయర్, జడలోకని పట్టుకెళ్లిన మల్లెపూల దండకు మెల్‌బోర్న్ విమానాశ్రయంలో 1,980 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడిందని తానే ఒక సభలో చెప్పారు. ఈ నియమాలు నిరంకుశం కావు, వాటి వెనక రైతుల బతుకు ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం చాలా చిన్నది: కార్డు మీద ఆహార పదార్థాలు ఉన్నాయని నిజం రాసి చూపిస్తే, వస్తువు తీసేసుకున్నా జరిమానా వేయరు. దాచితేనే శిక్ష. ఈ ముక్కను తెలుగులో రాసి టికెట్‌తోపాటు పంపితే, విమానంలో చదివి వినిపిస్తే, ఆ తల్లికి చాలు. ఒక తల్లి చేతులు వణుకుతుండగా ఆమె పచ్చడి సీసా మూత తీసి లక్షలమందికి చూపించడం ద్వారా మాత్రమే ఈ సమాచారం అందుతుందనడం సరికాదు. నవ్యా నాయర్ తన అనుభవాన్ని తానే, తనకు నచ్చిన చోట, నచ్చిన మాటల్లో చెప్పారు. ఆ ఒక్క ప్రసంగంతో దక్షిణాది అంతా ఆ నియమం తెలుసుకుంది. బోధన కావాలంటే మార్గం అదే.

అధికారులు కష్టమైన పని నిజాయితీగా చేస్తారు, వాళ్లనూ జనం చూడాలి కదా అనే మాటను కూడా నేను గౌరవిస్తాను. రాత్రి రెండు గంటల విమానానికి నిలబడి, తిట్లు తిని, మంచితనం పోగొట్టుకోకుండా ఉన్న ఉద్యోగులు ఈ కార్యక్రమాల్లో కనిపిస్తారు, అది నటన కాదు. కానీ వాళ్ల పనిని చూపించడానికి పట్టుబడిన మనిషి అవసరం లేదు. కుక్కల శిక్షణ, పత్రాల పరిశీలన, ప్రయోగశాల, నకిలీ పాస్‌పోర్టు గుర్తించే పనితనం, ఇవన్నీ ఎవరి అవమానమూ లేకుండా తీయవచ్చు. కేసు ముగిశాక, శిక్ష పడ్డాకో విడుదలయ్యాకో, స్వేచ్ఛగా ఉన్న మనిషిని వెతికి అడిగి, అతను ఒప్పుకుంటే అతని కథా తీయవచ్చు.

ఈ చర్చ మీద మనవాళ్లకు ఎందుకింత పట్టింపు ఉండాలంటే, లోపలి గదిలోకి వెళ్లే వరసలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి ఒకే రోజు 21 మంది భారతీయ విద్యార్థులను వెనక్కి పంపేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలు. ఫోన్లు, వాట్సాప్ సంభాషణలు తెరిచి చూశారని అప్పటి వార్తలు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లి వచ్చే కార్మికుడికీ, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లే ఇంటిపని మహిళకూ రెండు చివరలా ఈ బల్లలు ఉన్నాయి. అటు పక్క అరబ్బీ రాదు, ఇటు పక్క ఇంగ్లీషు హిందీ రావు. ఈ మనుషుల వణుకే ఎక్కడో ఒక ఎపిసోడ్‌కి సరుకు. అమెరికాలో ఈ ఆలోచన ఇంకా ముందుకు పోయింది: వలసదారులను పౌరసత్వం కోసం పోటీ పెట్టే కార్యక్రమాన్ని రాబ్ వోర్సాఫ్ అనే నిర్మాత ప్రతిపాదించగా, దాన్ని పరిశీలిస్తున్నామని 2025 మేలో ఆ దేశ అంతర్గత భద్రతా శాఖే చెప్పింది.

మన దేశంలో టీవీ ఒప్పందాల దాకా పోకుండానే ఇలాంటి అలవాటు పాతుకుపోయింది. బంగారం పేస్టునో, గంజాయి పొట్లాలనో బల్ల మీద పరిచి, పక్కన పట్టుబడిన మనిషిని నిలబెట్టి తీసిన చిత్రాలు శంషాబాద్ నుంచో మరోచోట నుంచో టీవీకి, వాట్సాప్‌కి చేరతాయి. మొహానికి గుడ్డ కట్టి విలేకరుల ముందు నిలబెట్టే పోలీసు ప్రెస్‌మీట్లు సరేసరి. కోర్టు ఇంకా ఏమీ తేల్చకముందే ఊళ్లో తీర్పు పూర్తవుతుంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పులో చెప్పింది. పోలీసులు మీడియాకు వివరాలు చెప్పే తీరు మీద మార్గదర్శకాలు తయారు చేయమని 2023 సెప్టెంబరులో అదే కోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది. మరోవైపు, ఇంటెలిజెన్స్ బ్యూరో, డీఆర్‌ఐ లాంటి సంస్థలను సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో పెట్టి చాలావరకు మినహాయించారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారం కేంద్రానికిచ్చింది. అంటే పౌరుడు అడిగితే సమాచారం రాదు, పౌరుడి బొమ్మ మాత్రం బయటికి వస్తుంది. ఈ నేల మీద సరిహద్దు రియాలిటీ షో వస్తే దాన్ని ఆపే ప్రైవసీ కమిషనర్ మనకు లేడు.

కాబట్టి ఏ నిర్మాతైనా ఇలాంటి కార్యక్రమంతో కస్టమ్స్, ఇమిగ్రేషన్ శాఖల తలుపు తట్టకముందే నియమం రాసి పెట్టుకోవాలి. నిర్బంధంలోనో విచారణలోనో ఉన్న ఏ మనిషినీ ప్రభుత్వ ఆవరణలో ప్రైవేటు కెమెరా తీయకూడదు. సంతకాన్ని అక్కడ అడగకూడదు. అడగదలిస్తే ఆ మనిషి స్వేచ్ఛగా ఇంటికి చేరాక, తన భాషలో, అధికారి లేనప్పుడు అడగాలి. పార్లమెంటు సభ్యులు, హక్కుల సంఘాలు, ప్రవాసుల సంఘాలు ఈ కోరికను గట్టిగా అడగాలి. ఈలోగా విదేశాలకు బయల్దేరే తెలుగువారికి, వాళ్లను సాగనంపే పిల్లలకు ఒక్క మాట. తెచ్చినవన్నీ కార్డు మీద నిజంగా రాయండి, అధికారి అడిగినదానికి నిజం చెప్పండి. కెమెరా పట్టుకున్నవాళ్లు పత్రం చాపితే మాత్రం, వద్దు అనండి. ఆ సంతకం వీసా షరతుల్లో లేదు, దేశంలోకి రానివ్వడానికీ దానికీ సంబంధం లేదు. బయల్దేరే ముందు ఈ సంగతి అమ్మానాన్నలకు కూర్చోబెట్టి చెప్పండి.